సుగుణమంజరి సంతకానికి సాక్షులు

పొద్దున ప్యాసింజరు రైలు హిందూపురంలో ఎక్కి, పెనుకొండలో దిగి, ఈరన్నను వెంటబెట్టుకుని, మధ్యాహ్నానికి ధర్మవరం చేరాలి. షంషుద్దీన్ వేసుకున్న పథకం ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. షంషుద్దీన్ సంగతి తెలిసినవాళ్ళు మాత్రం అనుకోరు.

చేతిసంచిలో ఉన్నది అలనాటి సినిమా నటి సుగుణమంజరి ఫోటో. దాని మీద ఆమె సంతకం, సంతకం కింద ఒక గీత, గీత కింద మూడు చుక్కలు. నలభై ఐదేళ్ళ కిందట ఆమె పెనుకొండ కోటలో షూటింగుకు వచ్చినప్పుడు, హిందూపురం టాకీసులో ఆపరేటరుగా ఉన్న షంషుద్దీన్ రోజంతా ఎండలో నిలబడి సంపాదించిన సొత్తు అది. సంపాదించినవాడు నేరుగా ఇంటికి వెళ్ళాడా అంటే, లేదు. ఫ్రేము కట్టించుకుని, దీపాలు పెట్టే వేళకు చేరాడు. అప్పటికే భార్య మహబూబ్‌బీకి కాన్పయింది. తొలిచూలు బిడ్డ నాజ్నీన్ ఏడవడం కూడా అయిపోయి నిద్రపోతోంది. మంచంలోంచి మహబూబ్‌బీ ఒక్కటే అడిగింది.

“ఎంత చేస్తాదది?”

ఆ తర్వాత బతికినంత కాలం అదే అడిగింది. లక్ష చేస్తుందని అతను, నయాపైసా చేయదని ఆమె. ఐదు నెలల కిందట ఆమె కన్నుమూసింది. ఇంట్లో ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేకపోయేసరికి షంషుద్దీన్‌కు అన్నం సయించడం మానేసింది. ఆ రోజు తాను చేసింది మరీ అంత తప్పు కాదని ఆమె సమాధి దగ్గర చెప్పుకోవడానికి అతనికి ఒక అంకె కావాలి. ధర్మవరం కల్యాణమండపంలో పాత నటుల సంతకాలకు విలువ కడుతున్నారనీ, అసలు సంతకమని రుజువు తెచ్చుకోవాలనీ నాజ్నీనే సెల్లులో చదివి చెప్పింది.

“రుజువంటే సాక్షే” అన్నాడు షంషుద్దీన్. “పొలం అమ్మినప్పుడు చూళ్ళేదా? సాక్షి లేని సంతకం చెల్లదు.”

“పొలం కాగితమూ సినిమా ఫోటో ఒకటేనా నాయనా?”

“సంతకమంటే సంతకమేమ్మా.”

ఉన్న సాక్షి ఈరన్న ఒక్కడే. షూటింగువాళ్ళకు టీలు మోస్తూ, ఈ ఫోటోను ఆమె బస చేసిన బంగళా లోపలికి పట్టుకెళ్ళి సంతకంతో తెచ్చిచ్చినవాడు. తండ్రీకూతుళ్ళు పెనుకొండలో దిగి వెళ్ళేసరికి ఇంటి అరుగు మీద కూర్చున్న ఈరన్న, ఫోటోను చూడగానే ముఖం దించుకున్నాడు.

“ఇంకా ఉండాదా ఇది?”

“ఉండాది. పక్కనే నువ్వు సాక్షి సంతకం పెట్టల్ల.”

“నాకెందుకులే షంషూ. చూపు ఆనదు. కావాలంటే వేలిముద్ర వేస్తా.”

“పది పాసైనోడివి వేలిముద్ర ఏందప్పా? నగుతారు. పెట్టు!”

మొహమాటం కాబోలనుకున్నాడు షంషుద్దీన్. పెన్ను చేతిలో కుక్కి పెట్టించాడు. తీరా పెట్టాక ఒక సాక్షి చాలడేమోనని అనుమానం పట్టుకుంది. ముగ్గురూ రిజిస్ట్రారు ఆఫీసు ముందుకు వెళ్ళారు. అక్కడ రమణ అని ఒకడు, ఎవరి దస్తావేజుకైనా పిలవగానే వచ్చి సాక్షి సంతకం పెట్టేవాడు.

“ఈ ఫోటో నాటికి నువ్వు పుట్టనే లేదు కదప్పా” అంది నాజ్నీన్.

“సాక్షికి పుట్టుండాల్నా అక్కా? ఆధార్ ఉంటే సాలు” అని రమణ సుగుణమంజరి భుజం మీద సంతకం చేసి, కింద ఫోను నంబరు కూడా వేశాడు. పనిలో పనిగా, ముద్ర లేకపోతే ఇవన్నీ వృథా అని సలహా కూడా ఇచ్చాడు.

దాంతో నోటరీ దగ్గరికి పరుగు. సాక్షులు తన ఎదుటే సంతకాలు పెట్టాలని ఆయన పట్టుబట్టడంతో ఈరన్న, రమణ మళ్ళీ పెట్టారు. ఊదారంగు గుండ్రటి ముద్ర నటీమణి ఎడమ చెంప మీద పడింది.

“ముఖాన పడిందే సార్!” అన్నాడు షంషుద్దీన్.

“ఎక్కడ పడినా చెల్లుతుంది” అన్నాడు నోటరీ.

ఆ ముద్ర చెరిగిపోతుందేమోనన్న భయంతో లామినేషన్ చేయించాడు. వద్దని నాజ్నీన్ చేయి పట్టుకున్నా వినలేదు. ప్లాస్టిక్ లోపల గాలి చేరి సుగుణమంజరి ముక్కు మీద బుడగ లేచింది. ఈలోగా రైలు పోయింది. రానని మొండికేసిన ఈరన్నను బస్సు ఎక్కించేసరికి మబ్బు పట్టి జల్లు మొదలైంది.

ధర్మవరంలో విలువ కట్టే హరీష్ బెంగళూరు నుంచి వచ్చిన కుర్రవాడు. ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లగా అడిగాడు.

“ఇది ఏ సర్వే నంబరు సార్?”

షంషుద్దీన్‌కు నవ్వు రాలేదు. “సంతకం చూడప్పా” అన్నాడు. హరీష్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

“ముద్రా ప్లాస్టికూ పక్కన పెట్టండి. ఆమె సంతకమూ ఈరన్నగారి రెండు సంతకాలూ ఒకే చేతివి. చూడండి, అదే గీత, అవే మూడు చుక్కలు.”

ఈరన్న కుర్చీలో కూలబడ్డాడు.

“ఆయమ్మ ఆ పొద్దున్నే మద్రాసుకు వెళ్ళిపోయింది షంషూ. మీ ఇంటికాడ నొప్పులని మనిషి వచ్చి చెప్పినా నువ్వు కదలకపోతివి. సంతకం చేతికొస్తే పోతావని నేనే పెడితిని. నువ్వు ఫ్రేము కట్టించనీకి పోతావని నాకేం తెలుసు?”

నాజ్నీన్ తండ్రి వైపు తిరిగింది. “కబురు వచ్చిందా నాయనా? తెలిసే నిలబడినావా?”

తెలియదని ఇన్నాళ్ళూ భార్యను నమ్మించిన మనిషి, కూతురి ముఖం చూసి ఆ మాట అనలేకపోయాడు. నాజ్నీన్ బయటికి వెళ్ళి వానలో నిలబడింది. షంషుద్దీన్‌కు ఆ క్షణాన సుగుణమంజరి మీద గానీ ఈరన్న మీద గానీ కోపం రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

హరీష్ రివాజు ప్రకారం చీటీ రాసిచ్చాడు. విలువ: ఏమీ లేదు.

ఈరన్నను పెనుకొండలో దించి, సాయంత్రానికి తండ్రీకూతుళ్ళు హిందూపురం చేరారు. ఖబరస్తాన్ గేటు దగ్గర నాజ్నీన్ ఆగిపోయింది. షంషుద్దీన్ ఒక్కడే తడి మట్టిలో నడిచి వెళ్ళి, మహబూబ్‌బీ సమాధి ముందు చీటీ విప్పి, కళ్ళు తుడుచుకుంటూ ఆమెకు వినబడేలా పైకి చదివాడు.

నలభై ఐదేళ్ళ బేరంలో మొదటిసారి మొగుడూ పెళ్ళాలు ఒక ధర దగ్గర కలిశారు.