అరచేతి కంప్యూటర్ల సమన్యాయ పరీక్ష

మా ఆసుపత్రిలో మూడు బుల్లి కంప్యూటర్లకు నెట్‌వర్క్ వేగ పరీక్ష నిర్వహించగా, మూడూ సరిసమానంగా ఉత్తీర్ణత సాధించాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఎవరి మనసూ నొచ్చుకోకుండా ముగిసిన పరీక్ష లోకంలో ఇంకొకటి ఉంటే చూపించండి.

అసలు సంగతి చిన్నదే. పడక మీది రోగి మీట నొక్కితే నర్సుల గదిలో గంట మోగాలి, పడక నంబరు కనపడాలి. పాత తీగల గంటలు ఒక్కొక్కటే మూగబోయాయి. రోగులు గ్లాసు మీద చెంచాతో కొట్టి నర్సుల్ని పిలుస్తున్నారు. అంతస్తుకొకటి చొప్పున అరచేతిలో పట్టే కంప్యూటరు పెడితే కబురు అదే మోసుకెళ్తుందని ఎవరో చెప్పారు. పచ్చటి పలక, దాని మీద నాలుగు నల్లటి చిప్పులు, పక్కన కేబుల్ దూర్చే రంధ్రం. దాన్ని బోర్డు అంటారు.

“ఏ బోర్డయినా నాకొకటే సార్. వాళ్లు నొక్కగానే నాకు మోగాలి, అంతే. మొన్న ఒక పెద్దాయన పిలిచి పిలిచి, ఇక లాభం లేదని తనే లేవబోయి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది,” అని బోర్డుల ఎంపికకు వేసిన కమిటీ ముందు హెడ్ నర్సు చెప్పింది. చెబుతుంటే ఆమె గొంతు వణికింది. వణుకును మినిట్స్‌లో నమోదు చేసే పద్ధతి లేనందున చేయలేదు.

బోర్డులు అమ్మడానికి ముగ్గురు ముందుకొచ్చారు. ఒకరు మా పరిపాలనాధికారి గారి బావమరిది, ఒకరు తోడల్లుడు, ఒకరు వియ్యంకుడు. బంధువు ఒక్కడే ఉంటే పక్షపాతమంటారు. ముగ్గురూ బంధువులే అయినప్పుడు ఆ మాటకు చోటెక్కడిది? అధికారి గారే కమిటీకి అధ్యక్షులు, నేను కార్యదర్శిని.

“వేగం కొలవడం ఎవరికైనా చేతనవుతుంది. న్యాయంగా కొలవడమే గొప్ప. ఇక్కడ ఒకడు ఓడితే రేపు మా ఇంట్లో నాకు అన్నం పుట్టదు. కాబట్టి ఈ కమిటీ ప్రాణం పోయినా న్యాయం తప్పదు,” అని అధ్యక్షులు ప్రారంభోపన్యాసం చేశారు. ఎవరి ప్రాణమో చెప్పలేదు. మేం చప్పట్లు కొట్టాం.

మొదటిసారి కొలిచినప్పుడు వియ్యంకుడి బోర్డు మిగతా రెండింటినీ ఎక్కడో వదిలేసి పరుగెత్తింది. బావమరిది ఒంటికాలి మీద లేచాడు.

“దాని కేబుల్ రంధ్రం పెద్ద రోడ్డు, మాది సందు! ఇదేం పోటీ బావా?”

సబబుగానే తోచింది. మెట్ల కింది గదిలోంచి, ఎప్పుడో తీసి పడేసిన, నెట్‌వర్క్ కేబుళ్లను కలిపే పాత స్విచ్ పెట్టె తెప్పించి, మూడు బోర్డుల కబుర్లూ దాని గుండానే పోవాలని తీర్మానించాం. ఎంతటి బోర్డయినా ఆ పెట్టెలో సెకనుకు వంద మెగాబిట్లు దాటి పోలేదు. వియ్యంకుడి ముఖం మాడింది. ఆయన కళ్లు బావమరిది బోర్డు నెత్తి మీద తిరుగుతున్న చిన్న ఫ్యాను మీద పడ్డాయి.

“ఫ్యాను కింద కూర్చుని పరుగు పందెం ఏమిటి బావగారూ? మా బోర్డు అలాంటి సుఖాలు ఎరగదు.”

ఫ్యాను పీకేశాం. దాంతో ఆ బోర్డు పెనంలా కాలి, నీరసించి, నడక మొదలుపెట్టింది. అలసినవాణ్ణి కొలవడం మానవత్వం కాదు కాబట్టి, ఏ బోర్డూ వేడెక్కకముందే పరీక్ష ముగించాలని నియమం పెట్టుకున్నాం. ఇక తోడల్లుడి బోర్డు. దానికి ఇటుకంత ఛార్జరు. “అన్నయ్యా, ఇది కాస్త ఎక్కువ తింటుంది, దాని తిండి దానికి పెట్టాలి,” అని ఆయన బతిమాలాడు. తిండి దగ్గర తేడా చూపితే న్యాయం ఏముంది? నా పాత ఫోను ఛార్జరుతోనే మూడింటికీ కరెంటిచ్చాం. మధ్యమధ్య సొమ్మసిల్లాయి. లేచాకే కొలిచాం.

ఇంతకీ ఏం కొలవాలన్నది చివర్లో గుర్తొచ్చింది. గంటకు కావలసింది ఒక్క చిన్న కబురు ఠక్కున చేరడం. కానీ చిన్న కబురును కొలిస్తే అంకె కూడా చిన్నగా వస్తుంది, పటం కట్టించడానికి బాగుండదు. అందుకని సెకనుకు ఎంత సరుకు పంపగలవో కొలిచాం. రోగులు నర్సులకు సినిమాలు పంపదలచుకుంటే ఇబ్బంది ఉండదు.

“ఒక్కసారి వార్డులో పెట్టి, పడక దగ్గర నొక్కి చూద్దాం సార్,” అంది హెడ్ నర్సు.

“ఒక పడక దగ్గర, ఒక పడక దూరం. ఒక గోడ పలచన, ఒక గోడ మందం. బోర్డులకు అన్యాయం జరగదూ?” అన్నారు అధ్యక్షులు. పరీక్ష ఆయన ఏసీ గదిలో, ఒకే బల్ల మీద, మూర పొడవు కేబుల్‌తో జరిగింది.

ఫలితం తొంభై నాలుగు, తొంభై నాలుగు, తొంభై నాలుగు. బంధువులు ముగ్గురూ కావలించుకున్నారు. అధ్యక్షుల కళ్లు చెమర్చాయి. అంతస్తుకొక బంధువు బోర్డు చొప్పున పెట్టేశాం. పరీక్షలో ఏ ఏర్పాట్లు ఉన్నాయో వాడుకలోనూ అవే ఉండాలి గనక, మెట్ల కింది పెట్టె, ఫ్యాను లేని నెత్తి, ఫోను ఛార్జర్లు అలాగే కొనసాగించాం. తొంభై నాలుగుకు పటం కట్టించి నర్సుల గదిలో తగిలించాం. వార్డుల్లో మళ్లీ చెంచాల చప్పుడు మొదలైంది. హెడ్ నర్సు ఫిర్యాదు రాసినప్పుడల్లా పటం చూసుకోమని జవాబిచ్చాం.

ఇంతలో అధ్యక్షుల పిత్తాశయంలో రాయి పడింది. మా దగ్గరే ఆపరేషన్ అయింది. మిగతా ఇద్దరూ అలిగినా సరే, కూతురి కాపురం ముఖ్యం కాబట్టి వియ్యంకుడి బోర్డున్న అంతస్తులోనే చేరారు. మర్నాడు మధ్యాహ్నం నేను పలకరించడానికి వెళ్లేసరికి సెలైన్ సీసా ఖాళీ అయింది. గొట్టంలో నెత్తురు వెనక్కి ఎక్కుతోంది. ఆయన మీట నొక్కారు. ఎవరూ రాలేదు. మళ్లీ నొక్కారు, నొక్కుతూనే ఉన్నారు. నేను తలుపు వంక చూస్తూ నిలబడ్డాను. ఆయన భార్య మాత్రం ఒక్క క్షణం ఆలోచించలేదు. గ్లాసూ చెంచా అందుకుని, చెప్పులైనా వేసుకోకుండా వరండాలోకి పరుగెత్తి టంగుటంగుమని కొట్టింది.

హెడ్ నర్సు ఆ చప్పుడు విని పరుగున వచ్చింది. సీసా మార్చింది, గొట్టం సరిచేసింది, ఆయన నుదుటి మీద చెయ్యేసి “ఏం భయం లేదు సార్” అని వెళ్లింది. కాసేపటికి మళ్లీ రొప్పుతూ వచ్చింది.

“ఇప్పుడేమైంది సార్? వరసగా మోగుతూనే ఉంది!”

“నేను నొక్కలేదమ్మా.”

ఆమెకు అర్థమైంది. “అయితే ఇందాక నొక్కినవి ఇప్పుడొచ్చాయి సార్,” అంది.

అధ్యక్షులు కళ్లు మూసుకున్నారు. ఇక అన్నీ మారిపోతాయని హెడ్ నర్సు ముఖంలో ఆశ కనిపించింది. నాకూ అలాగే అనిపించింది. ఆయన కళ్లు తెరిచి నన్ను దగ్గరకు పిలిచారు.

“బావమరిది అంతస్తులోనూ, తోడల్లుడి అంతస్తులోనూ ఎంత ఆలస్యమవుతోందో కనుక్కో.”

కనుక్కున్నాను. అక్కడా ఇంతే. ఆ మాట చెప్పగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ముఖానికి రంగు తిరిగింది.

“హమ్మయ్య! అయితే నాకేం అన్యాయం జరగలేదన్నమాట.”

పడక మీదే సంతకం చేసి విచారణ ముగించారు. హెడ్ నర్సు ఫిర్యాదులను సానుభూతితో పరిశీలించి, ప్రతి పడకకూ ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా మంజూరు చేశాం. ఏ రోగీ మరొకరి కంటే గట్టిగా మోగించకుండా అన్నీ ఒకే బరువువి తెప్పించాం.

మీరు నవ్వుతున్నారని తెలుసు. కిందటిసారి ఏదో కౌంటరు ముందు వరసలో నిలబడ్డప్పుడు మీరేం చేశారు? కిటికీ వెనక పని ఎందుకు కదలడం లేదని అడిగారా? మధ్యలో ఎవరైనా దూరుతున్నారేమోనని మెడ చాచి చూశారు. ఎవరూ దూరడం లేదని తేలాక నిశ్చింతగా నిలబడ్డారు. మా కమిటీలో ఒక సభ్యుడి స్థానం ఖాళీగా ఉంది. మీకు పరీక్ష కూడా అక్కర్లేదు.