మీగడ గంధ సంగ్రామం

ఆదివారం, ఉదయం తొమ్మిది నలభై. సూర్యభగవానుడు తూర్పు కిటికీ రెండో ఊచను దాటిన ఆ ముహూర్తాన, పెద్దావిడ గది గోడ మీద మీగడ, గంధం అనే రెండు రంగులు చెరో జానెడు రాజ్యం స్థాపించుకుని రణరంగంలోకి దిగాయి. మీగడ పక్షాన ఆ ఇంటి కోడలు. గంధం పక్షాన ఆమె వదిన, అంటే పెద్దావిడ కూతురు. పెద్దావిడ మంచం ఎనిమిది రోజులుగా హాల్లో, టీవీకీ చెప్పుల స్టాండుకీ మధ్య అజ్ఞాతవాసం చేస్తోంది.

"పదకొండులోగా రంగు తేల్చకపోతే ఇంకో ఇంటికి పోతానమ్మా. మళ్లీ వచ్చే వారమే," అన్నాడు పెయింటర్. డబ్బాలు రెండూ మూతలు తీసి ఉన్నాయి.

"మీగడేమిటి మరదలా! సున్నం కొట్టి మర్చిపోయినట్టుంటుంది," అని వదిన శంఖం పూరించింది.

"గంధమైతే టీ ఒలికి ఎండినట్టుంటుంది వదినా," అని కోడలు ప్రత్యస్త్రం సంధించింది.

ఉభయసేనామధ్యమున నిలిచిన కొడుకును ఇద్దరూ అడిగారు.

"రెండూ బాగానే ఉన్నాయి," అన్నాడతడు. గోడ తడిగా ఉన్నా ఆ గోడ మీది పిల్లి దిగలేదు.

తీర్పు పెద్దావిడకు వదిలారు. ఆమె కుడి కంటికి నెల కిందట శుక్లం తీశారు. ఎడమ కంటికి ఇంకా తీయలేదు, దానికి లోకమంతా పసుపే. ఆ యుద్ధమర్మం ఎరిగిన కూతురు అరచేతిని డాలుగా చేసి తల్లి కుడి కన్ను మూసింది.

"రెండూ గంధమేనే," అంది పెద్దావిడ.

కోడలు ఆ డాలును తప్పించి ఎడమ కన్ను మూసింది. "ఇప్పుడు చూడండి అత్తయ్యా."

"రెండూ మీగడే."

తదనంతరం, కరతలఘాతప్రతిఘాతములతో, గాజుల ఖణఖణధ్వనులతో, కుడికన్ను కోటను ఒకరు పట్టగా ఎడమకన్ను కోటను మరొకరు ముట్టడించగా, ఆ నేత్రద్వయం అరగంటలో పదకొండుసార్లు చేతులు మారింది. పదీ యాభైకి పెయింటర్ బ్రష్ కడగడం మొదలుపెట్టాడు.

"చేతులు తియ్యండే ఇద్దరూ!" అని పెద్దావిడ గర్జించింది. "నేను పడుకునేది కళ్లు మూసుకుని. నాకు కావలసింది నా మంచం. బాబూ, ఆ రెండూ ఒక బకెట్లో పోసెయ్."

పెయింటర్ పోశాడు. కర్రతో తిప్పాడు.

"చూశావా, గంధమే," అంది వదిన.

"మీగడే వదినా," అంది కోడలు.

సాయంత్రం ఐదు పదికి మంచం అజ్ఞాతవాసం ముగించుకుని, నాలుగు కోళ్లతో, కొడుకు వీపు మీద గదిలోకి విజయప్రవేశం చేసింది. పెద్దావిడ ఆ గోడ వైపు వీపు తిప్పి పడుకుంది.