దయచేసి బోర్డు తిప్పకండి!

రైలు పెట్టెకు తగిలించే ఊరిపేరు బోర్డు తప్పుగా ఉండటం దేశానికి ఎంతో మంచిది! నవ్వకండి. సరైన బోర్డు చూసి ఎక్కినవాడు కిటికీ పక్కన కూర్చుని గురక పెడతాడు. తప్పు బోర్డును నమ్మినవాడు పెట్టెలో ఉన్న నలుగురినీ పలకరిస్తాడు. సంఘజీవనం అంటే అదే కదండీ!

మా కుప్పం మీదుగా తిరిగే ఒక ప్యాసింజరు బండినే తీసుకోండి. బోర్డుకు ఒకవైపు బెంగళూరు, రెండోవైపు జోలార్‌పేట. బండి వెనక్కి మళ్లినప్పుడల్లా బోర్డు కూడా తిప్పాలి. తిప్పరు. పాపం, బోర్డుకు మాత్రం విశ్రాంతి వద్దా? ఉన్న ఒక్క బోర్డూ ప్లాట్‌ఫారం చివర ఆగే పెట్టెకే ఉంటుంది. దాని మీద పాలవాళ్లు క్యాన్లు వేలాడదీస్తారు. మిగిలిన చోట ఎవరో తాంబూలం ఉమ్మి ఉంటారు. దేశ రహస్యాలను కూడా ఇంత భద్రంగా దాచరేమో!

రామకుప్పం రెడ్డెమ్మకు ఈ బోర్డు చేసిన మేలు వినండి. తొంభైల్లో ఊరూరా పెద్దవాళ్లకు చదువు చెప్పే రోజుల్లో, నలభై దాటాక ఆమె పట్టుబట్టి అక్షరాలు నేర్చుకుంది. బంగారుపేట ఆసుపత్రిలో కూతురు వసుధకు నొప్పులు మొదలయ్యాయని ఒకరోజు పొద్దున్నే కబురొచ్చింది. మరిది బాలప్పను వెంటబెట్టుకుని కుప్పం స్టేషనుకు పరుగెత్తింది. బంగారుపేట ఉండేది బెంగళూరు దారిలో. అప్పుడే ఒక బండి వచ్చి ఆగింది.

"ఎవురినన్నా అడుగుదాం వొదినా," అన్నాడు చదువు జోలికి పోని బాలప్ప.

"అడిగేదేంది? సూడు, బెంగళూరని రాసుండాది!"

బతుకులో మొదటిసారి తనంతట తాను చదివిన రైలు బోర్డు! గర్వంగా ఎక్కేసింది. బాలప్ప టీ అమ్మే మనిషిని అడగడానికి పోయాడు. అతను తిరిగొచ్చేలోగా బండి కదిలింది, జోలార్‌పేట వైపు!

ఆమె అక్కడ దిగి, వెనక్కి వచ్చే బండి పట్టుకుని ఆసుపత్రి చేరేసరికి సాయంత్రమైంది. మనవరాలు అప్పటికే పుట్టి, అడిగి సరైన బండెక్కి వచ్చిన బాలప్ప ఒళ్లో నిద్రపోతోంది.

"అమ్మా అమ్మా అని అరిస్తి. యాడికి పోయినావమ్మా?" అంది వసుధ.

రెడ్డెమ్మ పాపను ఒళ్లోకి తీసుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుంది. చదువు రాకపోయి ఉంటే తానూ అడిగే ఎక్కేది కదా!

కొన్నాళ్లకు తిరుగు ప్రయాణం. బంగారుపేటలో మళ్లీ అదే బండి. కుప్పం వైపు పోయే బండికి మళ్లీ అదే బెంగళూరు బోర్డు! ఈసారి రెడ్డెమ్మ ముందు ఇద్దరిని అడిగింది. తర్వాత కొంగు బిగించి, పాల క్యాను పక్కకు జరిపి, బోర్డును కొక్కేల నుంచి పైకి లాగింది.

గార్డు పరుగెత్తుకొచ్చాడు. "ఏయమ్మా! సర్కారు సొత్తు ముట్టుకోకూడదు!"

"సొత్తు సర్కారుదే సామీ. దీని మీదుండే అబద్ధం గూడా సర్కారుదేనా?"

ఆయన చెయ్యి అడ్డం పెట్టేలోగానే ఆమె బోర్డు తిప్పి తగిలించేసింది. ఏమి అన్యాయమో చూడండి! ఆ పూట ఆ బండి ఎక్కినవాళ్లంతా ఎవరి ఊళ్లో వాళ్లు దిగారు.

ఇందుకేనా మనం ఆడవాళ్లకు చదువు చెప్పింది?