గుద్దించుకున్నవాళ్ల మంచిమాట

అమీర్‌పేటలో ప్యాంట్లు కుట్టే రాజనర్సుకు ఆ ఉదయం ఉన్న పని చిన్నదే. మధురానగర్‌లో ఇంటి ముందున్న పాత మారుతిని కడగాలి, ఇన్సూరెన్స్ సర్వేయరుకు చూపించాలి, ఆపైన వెళ్లి దుకాణం తెరవాలి. క్లెయిములు మరీ ఎక్కువయ్యాయని కంపెనీ అతన్ని ప్రమాదకరమైన డ్రైవర్ల కింద జమకట్టింది. మనిషి వచ్చి చూశాకే ఈసారి పాలసీ అంది.

"వాళ్లు పాలసీ ఇయ్యం అన్నరంటే బండి తుక్కుకే, బాపూ," అని కొడుకు భానుచందర్ చెప్పి ఆఫీసుకు వెళ్లిపోయాడు.

రాజనర్సు బకెట్ పక్కన పెట్టి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. సిరిసిల్ల నుంచి వచ్చి దుకాణం పెట్టుకున్నాక కొన్న మొదటి పెద్ద వస్తువు అది. మెట్రో స్తంభాలు లేని రోజుల్లో, ఆదివారం సాయంత్రాలు భార్య కాంతవ్వనూ పిల్లలనూ ఎక్కించుకుని పంజాగుట్ట దాకా ఊరికే తిప్పి తెచ్చేవాడు. కూతురు సంగీత కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలిని పట్టుకునేది.

అతని దిగులు చూసి, గుండీల కొట్టు నడిపే పక్కింటి గౌస్ మొహియుద్దీన్ ధైర్యం చెప్పాడు.

"సంబంధం అడగనీకి వచ్చినోళ్లకు పిలగాని గురించి నాలుగు మంచిమాటలు చెప్తం గదా నర్సన్నా? గిది సుత గంతే. ఫికర్ చెయ్యకు."

ఇద్దరూ కలిసి సొట్టలున్న వైపు గోడకు ఆనేలా బండిని నిలబెట్టారు. కానీ సొట్టలు రెండువైపులా ఉన్నాయి. ఇక మిగిలింది మంచిమాటలే. గౌస్ గల్లీ అంతా తిరిగి కబురు పెట్టాడు.

సోమాజిగూడ ఆఫీసు నుంచి సర్వేయరు చలపతిరావు వచ్చేసరికి వాకిట్లో కుర్చీ వేసి ఉంది. కాంతవ్వ సర్వపిండి, చాయ్ తెచ్చింది. బండిని చూడనివ్వకుండానే, లేడీస్ హాస్టల్ నడిపే కుసుమకుమారి మంచిమాట మొదలుపెట్టింది. రాజనర్సు వంటి బాధ్యత గల మనిషి ఉండడట. తన గేటును పడగొట్టిన రోజే వెల్డింగ్ చేయించాడట.

చలపతిరావు చాయ్ కప్పు కింద పెట్టి రాసుకున్నాడు.

పూలమ్మే రుఖియా వెనకబడలేదు. తన తోపుడుబండిని ఎప్పుడు గుద్దినా, అడగకముందే కొత్త చక్రం తెచ్చిస్తాడంది. పరిస్థితి చేయి దాటుతోందని గౌస్‌కు అర్థమైంది. సర్దడానికి తనే ముందుకొచ్చాడు.

"నా షట్టర్‌కు తాకిచ్చిన దినం, సార్, దవాఖానకు సుత తనే తీస్కపోయిండు."

"దవాఖానకా? ఎవర్నండీ?"

"నన్నే. షట్టర్ ముంగట నేనే ఉంటి. కాలు జర బెణికింది, గంతే."

అప్పటికి అందరికీ పాతరోజులు గుర్తుకొచ్చేశాయి. రంజాన్‌కు గల్లీ పిల్లలందరినీ ఆ బండిలో కుక్కి హలీంకు తీసుకుపోవడం, వానకు మునిగితే అందరూ తోసుకుంటూ రావడం తలుచుకుని నవ్వుకున్నారు. రాజనర్సు కూడా సర్వేయరు ఎందుకొచ్చాడో మరిచిపోయి, బానెట్ మీది సొట్టను నిమిరాడు.

"గిది మా భాను టెన్త్ పాసైన దినం సార్. పంజాగుట్ట కాడ, రోడ్డు ఇడిచిపెట్టి వాని మొకం చూసుకుంట నడిపిన."

అని నాలుక కరుచుకున్నాడు. చలపతిరావు లేచొచ్చి ఆ సొట్టను చూశాడు.

"ఇన్నాళ్ల సర్వీసులో గుద్దించుకున్నవాళ్లే వచ్చి సిఫారసు చేయడం ఎక్కడా చూడలేదండీ. ప్రీమియం ఎక్కువే పడుతుంది. కానీ పాలసీ ఇమ్మనే రాస్తాను."

గల్లీ చప్పట్లు కొట్టింది. సర్వేయరును సాగనంపి, బండి ఒక చుట్టు తిప్పొద్దామని రాజనర్సు తలుపు పక్క మేకుకుండే తాళంచెవికి చెయ్యి చాపాడు. మేకు ఖాళీగా ఉంది. తాళంచెవి కాంతవ్వ కొంగు ముడిలో ఉంది.

"ఆగున్న బండికి ఎవరో తాకిచ్చి పోయిండ్రని ఇన్నేండ్ల సంది నాకు చెప్తివి," అందామె మెల్లగా. "ఇగ ఆగే ఉంటది."

పాలసీ వచ్చింది. బండి తుక్కుకు పోలేదు, గోడ పక్క నుంచి కదలనూ లేదు. ఆదివారం సాయంత్రాలు ఇద్దరూ అద్దాలు దించుకుని అందులో కూర్చుంటారు. రాజనర్సు స్టీరింగ్ పట్టుకుంటాడు, కాంతవ్వ పక్క సీట్లో మల్లెలు మాల కడుతుంది.

ఇన్సూరెన్స్ కంపెనీ లెక్క ప్రకారం ఇప్పుడు హైదరాబాద్‌లో అతనంత జాగ్రత్తగా నడిపేవాడు లేడు.