నాలుగు పైపులు, ఒక నీలం తెర

ఆ రోజు పొద్దున మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా తన పాత వ్యానులో పగిలినవి తీసేసి నాలుగు కొత్త పైపులు బిగించాలి. పన్నెండింటికి భార్య కుట్టిన తెరను అందులోకి ఎక్కించాలి. ఆ తర్వాత తెర పక్కనే కాసేపు కునుకు తీయాలి. మూడోది జరిగి తీరుతుందని ఇంట్లో అందరికీ తెలుసు, అనుమానమంతా మొదటి రెండింటి మీదే. వ్యాను కింద పడుకుని నట్టు విప్పుతూ విప్పుతూ నిద్రలోకి జారుకునే మనిషి అతను. లేచాక వదిలిన చోటే మళ్లీ మొదలుపెడతాడు కాబట్టి ఎవరూ ఏమీ అనేవారు కాదు.

తెర సంగతి మాత్రం అలాంటిది కాదు. అతని భార్య దర్జీ. ఊడిన బొత్తాలు, చిరిగిన జేబులు తప్ప ఆమెకు ఎవరూ పెద్ద పని ఇచ్చిన పాపాన పోలేదు. అలాంటిది నాటకాల హాలు మేనేజరు ఒకనాడు వచ్చి వేదికకు కొత్త తెర కుట్టమన్నాడు. ముందు గదిలో చిన్న మిషను మీద మూడు నెలలు కుట్టింది. పొద్దు వాలాక ఆకాశం కాసేపు ఉండే నీలం రంగు మఖమలు అది. గదంతా పరుచుకుని ఉండటంతో, ఇంట్లో వాళ్లు మూడు నెలలుగా ఆ నీలం ఒడ్డున భోజనం చేస్తున్నారు. ఐదున్నరకల్లా తెర వేలాడకపోతే పాతదానితోనే నాటకం కానిచ్చేస్తానని, కొత్తది వెనక్కి పట్టుకెళ్లమని మేనేజరు ముందే చెప్పాడు. అంత పెద్ద తెర పట్టే బండి వాళ్లకు అందుబాటులో ఈ వ్యాను ఒక్కటే.

"చూడు, ఒక్కోటీ ఒక్కో వంపు తిరిగింది" అన్నాడు మెకానిక్, పార్సిల్ విప్పి పైపుల్ని బల్ల మీద పేర్చుతూ. "డీజిల్ ఇంజెక్టర్లకి వెళ్లేది వీటిలోంచే. ఒక్కోదాని దారి వేరు. దేని వంపు దానిదే."

"వంపులు తర్వాత చూసుకోవచ్చు, ముందు బిగించండి."

"చివర్లకి ఈ మూతలు చూశావా? బిగించే నిమిషం దాకా తీయకూడదు. కంటికి కనపడని నలుసు చాలు, ఇంజెక్టర్ పోతుంది."

"మీ కళ్లే మూతలు పడుతున్నాయి. వెళ్లి నెత్తిన నాలుగు చెంబులు పోసుకుని రండి."

అతను వెళ్లాడు. నాలుగు చెంబులకి గంట పట్టింది. మూడో చెంబు దగ్గర గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడని వేరే చెప్పాలా?

ఆ గంటలో మామగారు షెడ్డులోకి వచ్చాడు. నలభై ఏళ్లు ప్లంబరుగా చేసి మానుకున్న మనిషి. ఆయన నిలబెట్టిన పైపు దారానికి కట్టిన ఇనప గుండుతో పోల్చి చూసినా వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. అలాంటాయన బల్ల మీద నాలుగు కొత్త పైపులు నాలుగు రకాలుగా మెలికలు తిరిగి ఉండటం చూశాడు. ఆయన గుండె తరుక్కుపోయింది. పార్సిల్ వాళ్లు పైన ఏదో బరువు పెట్టి తొక్కేసి ఉంటారు, పాపం అల్లుడు చూసుకోలేదు అనుకున్నాడు. ఒక్కోదాన్నీ బల్ల అంచునున్న వైసు ఇనప దవడల్లో బిగించి, ఓపిగ్గా సాగదీసి తిన్నగా చేశాడు. మూతలు పీకి, సబ్బునీళ్లతో లోపలా బయటా కడిగి, ఎండలో ఆరబెట్టాడు.

మెకానిక్ తల తుడుచుకుంటూ వచ్చి, ఎండలో ఆరుతున్న పైపుల్ని చూశాడు. ఇంకా నిద్ర లేవలేదేమోనని కాస్త ఆశపడ్డాడు.

"మావయ్యా, ఇవేంటి?"

"నీ పైపులే అల్లుడూ. వంగిపోయి వచ్చాయి, సరిచేశా. చేతులు పడిపోయాయనుకో, అది వేరే సంగతి."

"అవి వంకరగానే ఉండాలి మావయ్యా."

"వంకర పైపులో నీళ్లే సరిగా పోవు, డీజిల్ ఏం పోతుంది?"

మెకానిక్ నేల మీద కూలబడ్డాడు. కోప్పడదామంటే, ఆయన అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. విడిభాగాల కొట్టాయనకి ఫోను చేశాడు.

"కొత్త సెట్టుకి మూడు రోజులు పడుతుంది" అన్నాడు కొట్టాయన. "మీ ఇంజిన్‌దే, ఒక ఏడాది ముందుది ఉంది. అన్నీ అవే కొలతలు. కళ్లు మూసుకుని బిగించుకోవచ్చు."

మన మెకానిక్‌తో ఎవరూ అనకూడని మాట అది. అతను కొట్టుకి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు, కొట్టాయన అటకెక్కి వెతికేలోగా కళ్లు మూసుకోనే మూసుకున్నాడు. లేచేసరికి ఒళ్లో నాలుగు పైపులున్నాయి, గడియారంలో ఒంటిగంట దాటింది.

ఇంటి దగ్గర మామగారికి మనసు మనసులో లేదు. చేసిన పొరపాటుకి ఏదో ఒక మేలు చేసి చెల్లు పెట్టుకోవాలనిపించింది. నలుసు పడితే ఇంజెక్టర్ పోతుందన్న మాట కూతురు చెప్పగా విన్నాడు. వ్యాను ట్యాంకులోని డీజిల్ బకెట్లోకి దింపి చూస్తే అడుగున కాస్త మట్టి కనిపించింది. ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా మంచి గుడ్డ ముక్క కోసం వెతికి, దానితో ఒకటికి రెండుసార్లు వడకట్టి, మళ్లీ ట్యాంకులో పోశాడు. ఈ మేలు ఎవరికీ చెప్పలేదు. చెబితే గొప్పలు పోయినట్టుంటుందని ఆయన ఉద్దేశం.

కొట్టాయన ఇచ్చిన పైపుల్లో మూడు చక్కగా కూర్చున్నాయి. నాలుగోది చిటికెన వేలు మందాన పొట్టి. పైపుని ఎన్నడూ లాగి బిగించకూడదన్నది మెకానిక్ జీవితంలో పెట్టుకున్న ఏకైక నియమం. కిటికీలోంచి చూస్తే భార్య తెర పక్కన కూర్చుని గడియారం వంకే చూస్తోంది. అతను కళ్లు మూసుకుని, ఈసారి మేలుకునే, పైపుని లాగి బిగించాడు.

ఇంజిన్ అందుకుంది. ముగ్గురూ కలిసి తెరను ఎక్కించారు. తిన్నగా చేసిన నాలుగు పైపుల్నీ మామగారు దారంతో కట్ట కట్టి చంకలో పెట్టుకున్నాడు.

"అవెందుకు నాన్నా?"

"ఇంత తిన్నగా వచ్చినవాటిని పారేయడానికి చేతులు రాలేదమ్మా."

వీధి మలుపు దాకా వ్యాను కలలో నడిచినంత హాయిగా నడిచింది. మలుపు దగ్గర దగ్గడం మొదలుపెట్టింది. మెకానిక్ దిగి ఇంజిన్ మీది మూత ఎత్తాడు. నాలుగో పైపు నట్టు దగ్గర పొగమంచులా డీజిల్ చిమ్ముతోంది. మామగారు అలవాటుకొద్దీ వేలు పెట్టి చూడబోయాడు. మెకానిక్ చటుక్కున ఆయన చెయ్యి వెనక్కి లాగాడు.

"వేలు పెట్టకండి మావయ్యా. ఆ ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది."

ఆ మాట పూర్తయ్యేలోగా ఇంజిన్ దానంతటదే ఆగిపోయింది. మెకానిక్ ఫిల్టరు విప్పాడు. లోపలంతా నీలం నూగు, పిల్లి పడుకుని లేచిన పరుపులా మెత్తగా ఉంది.

"మన తెర ఇందులోకి ఎలా వచ్చింది?" అంది భార్య.

మామగారు గొంతు సవరించుకున్నాడు. "డీజిల్ వడకట్టానమ్మా. మామూలు గుడ్డెందుకని నీ మఖమలు ముక్కే వాడా."

టైము నాలుగున్నర. ఆమె తండ్రి మొహం చూసింది, భర్త మొహం చూసింది. ఇద్దరూ తప్పు చేసిన పిల్లల్లా నేల చూపులు చూస్తున్నారు.

"నాకు ఏడుపొస్తోంది, కానీ ఇప్పుడు టైము లేదు" అంది. "తెర దింపండి. మోసుకుపోదాం."

ముగ్గురూ దింపారు గానీ, దాన్ని మోసుకుంటూ నాలుగడుగులు కూడా నడవలేకపోయారు. అంతలో కొట్టాయన స్కూటరు మీద వచ్చాడు. నాలుగోది పొరపాటున వేరే రకం ఇచ్చానేమో అడిగి పోదామని వచ్చాడట. అడగకముందే అతని భుజం మీద తెర పడింది. దారిన పోయేవాళ్లు ఇద్దరు, తర్వాత ఐదుగురు కిందికి దూరారు. ఎందుకని ఎవరూ అడగలేదు. వీధి పొడుగునా ఆ నీలం మెల్లగా పారుతూ పోయింది, కింద కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. లోపల వెలుతురంతా నీలంగా, గొంతులు దూరం నుంచి వస్తున్నట్టుగా ఉన్నాయి. మెకానిక్‌కి ఇది కలే అని గట్టి నమ్మకం కుదిరింది. "తిన్నగా నడవండి, వరస తప్పకండి" అంటూ వెనకనుంచి మామగారి గొంతు వినపడకపోతే ఆ నమ్మకం చివరిదాకా నిలిచేది.

ఐదుంబావుకి హాలు చేరారు. ఐదున్నరకి తెర వేలాడింది. కానీ ఫ్యాన్లు వేయగానే కింది అంచులు గాలికి లేచి, వేదిక మీద సర్దుకుంటున్న నటుల మోకాళ్లు కనిపించాయి.

"అంచులకి బరువు లేదేమ్మా?" అన్నాడు మేనేజరు. "ఇలా ఎగిరేదాన్ని ఏం చేసుకోను?"

ఆమె అంచు పట్టుకుని చూసుకుంది. అంచున గొట్టంలా మడత కుట్టి ఉంచింది, అందులో పెట్టాల్సిన బరువు సంగతి మాత్రం మరిచిపోయింది. ఆపుకున్న కన్నీళ్లు అప్పుడు వచ్చాయి.  మామగారు వంగి, చంకలోని కట్ట విప్పి, తెర రెండు భాగాలూ కలిసే చోట మడతల్లోకి చెరో రెండు పైపులు తోశాడు. సుతారంగా జారి కూర్చున్నాయి. ఒక్క వంపు మిగిలి ఉన్నా దూరేవి కావు. తెర ఇక కదలకుండా నిలిచింది.

మేనేజరు వంగి అంచు తడిమి చూశాడు. "ఇంత గట్టి ఉక్కు ఎక్కడ దొరికింది? పక్క తలుపులకి కూడా తెరలు కుట్టండి. వాటికీ ఇవే పెట్టాలి."

ఆమె కళ్లు తుడుచుకుని తండ్రి వంక చూసింది. "మా నాన్న చేతులతో చేసినవండీ" అంది. ముందు వరస కుర్చీలో మెకానిక్ అప్పటికే నిద్రపోతున్నాడు.

మూడు రోజులకి కొత్త సెట్టు వచ్చింది. మెకానిక్ పెట్టె విప్పకముందే దాని మీద పెద్ద అక్షరాలతో 'ఇవి వంకరగానే ఉండాలి' అని రాసి పెట్టి, స్నానానికి వెళ్లాడు. మామగారు కళ్లజోడు పెట్టుకుని ఆ రాతను రెండుసార్లు చదివాడు, చేతులు వెనక్కి కట్టుకున్నాడు, అక్షరాలు కాస్త పక్కకి వాలాయని మాత్రం అన్నాడు.