మూడు గంటల పడవ

ఆ శనివారం ప్రాగ్‌లో రైలు దిగేసరికి బ్లజెనా దగ్గర రోజంతటికీ సరిపడా పథకం ఉంది. పదకొండింటికి పాత వంతెన, పన్నెండింటికి ఏ పార్కులోనో కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టెలు, ఒకటిన్నరకు కొండ మీది దొరగారి మేడ, మూడింటికి నదిలో పడవ. మొదటి మూడూ తప్పిపోయినా ఫరవాలేదు. పడవ తప్పకూడదు. ముప్పై ఏళ్ళ క్రితం, పెళ్ళయిన వారానికి, ఇదే రేవులో ఇదే పడవ ఎక్కాల్సింది. ఆమె భర్త ఓటకార్ ఒక్క బీరు తాగి వస్తానని వెళ్ళాడు. అతను వచ్చేసరికి పడవ లేదు.

"ఈసారి తప్పితే, ఓటా, తిరుగు రైలు నేనొక్కదాన్నే ఎక్కుతాను," అంది. నవ్వుతూ అనలేదు.

"ఈ బూట్లతో పడవ దాకా నడిస్తే గొప్పే," అన్నాడు ఓటకార్. ప్రయాణం కోసమని ఆమె కొన్న కొత్త నల్ల బూట్లు అవి. అడుగుకోసారి కిర్రుమంటున్నాయి.

"మంచి తోలు అలాగే కిర్రుమంటుంది. నాలుగు రోజులకు అలవాటు పడుతుంది."

"అది పడుతుందిలే. నా వేళ్ళు పడొద్దూ?"

మేడ గుమ్మంలో ఒక బెంచీ, పక్కన పెట్టె నిండా మందపాటి ఉన్ని జోళ్ళు ఉన్నాయి. నున్నటి చెక్క నేల మీద గీతలు పడకుండా, చూడవచ్చినవాళ్ళు వాటిని తమ బూట్ల మీదే తొడుక్కోవాలి. ఆ సంగతి గోడ మీద రాసి ఉంది. ఓటకార్ గోడ చూడలేదు, గుమ్మం చూశాడు. గుమ్మం కనిపిస్తే బూట్లు విప్పడం ముప్పై ఏళ్ళుగా బ్లజెనా నేర్పిన పాఠం. విప్పి, బెంచీ కింద చక్కగా జతగా పెట్టి, ఉన్ని జోళ్ళలో కాళ్ళు దూర్చాడు. వేళ్ళకు ప్రాణం లేచివచ్చింది. బ్లజెనా అప్పటికే లోపల అద్దాలు చూస్తోంది.

వెనకే రిటైరైన రైల్వే ఉద్యోగుల సంఘం వచ్చింది, ముప్పైమంది. వాళ్ళ పెద్ద ప్రొకోప్, ఒకప్పటి స్టేషన్ మాస్టరు, బెంచీ కింది జతను చూశాడు.

"విప్పాలన్నమాట. విప్పండయ్యా."

ఎందుకని ఎవరూ అడగలేదు. రైల్వేలో అడిగే అలవాటు లేదు.

గైడు అమ్మాయి తలలు లెక్కపెట్టుకుంది. కాళ్ళు చూడటం ఆమె పని కాదు. ఒక్కో గది దాటగానే వెనక తలుపుకు తాళం వేస్తూ, పాఠం అప్పజెబుతూ ముందుకు నడిపించింది.

నాలుగో గదిలో బ్లజెనా ఆగింది. "నీ కిర్రు ఏదీ?"

ఓటకార్ కిందకు చూసుకున్నాడు. "గుమ్మం దగ్గర ఉండిపోయింది."

"బయటికి పోయేది ఆ గుమ్మంలోంచి కాదయ్యా. కింద తోటలోంచి."

"అయితే ఒక్క నిమిషం, వెనక్కి వెళ్ళి..."

వెనక తలుపులో తాళంచెవి తిరిగింది.

తోట గుమ్మం దగ్గర స్వెటర్ అల్లుకుంటున్న కాపలా ఆవిడ ఖాళీ పెట్టెను ముందుకు తోసింది. "జోళ్ళు ఇందులో వెయ్యండి."

బ్లజెనా ఒక్కతే వేసింది.

"వేస్తే ఏం తొడుక్కుని పోవాలమ్మా?" అన్నాడు ప్రొకోప్.

"వేసుకొచ్చినవే."

"అవి పైనున్నాయి. అందరివీ."

ఆవిడ అల్లిక పక్కన పెట్టి పైకి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. పైన సంగతి ఇంకోలా నడుస్తోంది. బెంచీ కింద ముప్పైయొక్క జతల బూట్లున్నాయి, మనుషులు లేరు. అంతమందీ మేడలో తప్పిపోయారని తేల్చుకున్న పై గుమ్మం కాపలా ఆయన నేలమాళిగల్లో వెతికిస్తున్నాడు. సంగతి చెప్పడానికి గైడు అమ్మాయి మెట్లెక్కి పరుగెత్తింది. పైవాళ్ళు ఆమెను దొరికినవాళ్ళలో మొదటి మనిషిగా రాసుకుని, కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు.

"ఇంతకీ మొదట విప్పిందెవరు?" అన్నాడు ప్రొకోప్.

ఓటకార్ తోటలో గులాబీలను శ్రద్ధగా చూడసాగాడు.

"మా ఆయనే," అంది బ్లజెనా. "మా ఇంట్లో బూట్లతో గడప దాటనివ్వను."

"మా ఇంట్లోనూ అంతే," అంది కాపలా ఆవిడ. ఆ తర్వాత ఆవిడకు ఎవర్నీ ఏమీ అనడానికి వీల్లేకపోయింది.

ఎక్కడో గడియారం మూడు కొట్టింది. బ్లజెనా చేతిలో రెండు టికెట్లతో రాతిమెట్టు మీద కూర్చుంది.

"అప్పుడు బీరు. ఇప్పుడు బూట్లు," అంది మెల్లగా. అరిచి ఉంటే ఓటకార్‌కు కాస్త తేలికగా ఉండేది.

"లే, ఇలాగే పోదాం," అన్నాడు ఉన్ని జోళ్ళతోనే వీధి వైపు కదులుతూ. "పట్టుకుంటే పట్టుకోనీ."

ప్రొకోప్ ఆ టికెట్లు చూశాడు. "మూడింటి పడవా? మాదీ అదేనమ్మా. నలభై సీట్ల పడవ మేం ముప్పైమందిమి లేకుండా ఎక్కడికి పోతుంది?" ఫోన్ తీశాడు. "నలభై ఏళ్ళు రైళ్ళు ఆపినవాణ్ణి. పడవెంత."

పైవాళ్ళకు ఎట్టకేలకు సంగతి అర్థమై, మూడుంపావుకు చాకలి బుట్టలో బూట్లన్నీ కలగాపులగంగా దిగివచ్చాయి. రైల్వే వాళ్ళవన్నీ నలుపే. ఎవరి చేతికి అందినవి వాళ్ళు తొడుక్కుని రేవుకు పరుగెత్తారు.

పడవ కదిలింది. పాత వంతెన వాళ్ళ తలల మీదుగా మెల్లగా జరిగిపోయింది. బ్లజెనా ముప్పై ఏళ్ళ కేసు కొట్టేసినట్టుగా భర్త చెయ్యి పట్టుకుంది.

"నీ బూట్లు కిర్రుమనడం లేదే?"

"అలవాటు పడ్డాయి. దూదిలా ఉన్నాయి."

"నేను చెప్పలా?"

"చెప్పావు."

ఎదురుగా ఒక పొడుగాటి పెద్దమనిషి, ఒకప్పటి టికెట్ కలెక్టరు, కమ్మీ పట్టుకుని కుంటుతూ నడుస్తున్నాడు. కిర్రు, కిర్రు. "పొద్దున బాగానే ఉన్నాయి మాస్టారూ," అంటున్నాడు ప్రొకోప్‌తో. "ఈ నది గాలికి కాళ్ళు వాచినట్టున్నాయి."

బ్లజెనా ఆ చప్పుడు విని మెచ్చుకోలుగా తలూపింది. "చూశావా, ఆయనవీ మంచి తోలే."

ఓటకార్ తన కాళ్ళను మెల్లగా బెంచీ కిందకు లాక్కున్నాడు.