అల్మారాలో కెటిల్ వీరుడు

వీధిలో అందరూ ఆయన్ని క్రాపు బాబాయి అంటారు. చుట్టుపక్కల సగం తలలు ఆయన చేతిలోనే ఉన్నాయి గానీ, ఆయన తల మీద మాత్రం ఒక్క వెంట్రుక లేదు. ఎవరైనా అడిగితే బోడితల నిమురుకుంటూ, "సరుకంతా కస్టమర్లకే సరిపోతోందండీ, సొంతానికి మిగలట్లేదు" అంటాడు.

ఆయన భార్య స్కూలు బస్సు నడుపుతుంది. ఏ సందులోంచి ఏ సైకిలు అడ్డమొస్తుందో ముందే పసిగట్టే మనిషి. అలాంటి మనిషికి మొగుడి మనసు ఎటు మలుపు తిరుగుతుందో కనిపెట్టడం ఎంతసేపు? ఈ సంగతి పెళ్ళయి ఇన్నేళ్ళయినా బాబాయికి తట్టలేదు.

"ఏమండీ, దుప్పట్లేమో కుర్చీల మీద, మనుషులేమో నేల మీద. ఓ అల్మారా తెండి" అని ఆవిడ పోరుతూనే ఉంది. "రేపు తెస్తానోయ్" అని ఈయన అంటూనే ఉన్నాడు. చివరికి ఒక సెలవు రోజు నిజంగానే బయల్దేరాడు. అప్పటికి ఆయన మనసులో ఏ పాపమూ లేదు.

దారిలో ఓ పాత ఆటల హాలు మూసేస్తూ సామాను బయట పెట్టి అమ్మేస్తున్నారు. ఆ సామాను మధ్య నిలువెత్తు చెక్క పెట్టె ఒకటి నిలబడి ఉంది. ముందు గాజు తెర, కింద ఎర్రటి పిడి, రెండు బొత్తాలు. నెత్తిన పెద్ద అక్షరాలతో పేరు, పక్కన రంగు వెలిసిన బొమ్మ: మీసాలున్న టీ కెటిల్!

బాబాయి కాళ్ళు అక్కడే అతుక్కుపోయాయి.

అది 'కెటిల్ వీరుడు'. చదువుకునే రోజుల్లో క్లాసులెగ్గొట్టి మరీ ఆడిన ఆట. మీసాల కెటిల్ వంటింటి అరల మీద ఒకదాన్నుంచి ఇంకోదాని మీదికి గెంతుతూ ఉంటుంది. రెక్కలొచ్చిన మేజోళ్ళు, పళ్ళున్న ఇస్త్రీపెట్టెలు మీద పడుతుంటే, కొమ్ములోంచి వేడినీళ్ళు చిమ్మి కాల్చేయాలి. చిమ్మినకొద్దీ కడుపులో నీళ్ళు తగ్గిపోతాయి. అయిపోతే పై అర మీదున్న కుళాయి దాకా ఎగబాకి నింపుకోవాలి. ఈ గండాలన్నీ గడిచాక ఆఖర్న ఓ ప్రెషర్ కుక్కర్ రాక్షసి, దాని వెనక మూసి ఉన్న తలుపు.

బాబాయి కుక్కర్ దాకా ఎన్నిసార్లు వెళ్ళాడో లెక్కలేదు. వెళ్ళిన ప్రతిసారీ అది ఒక్క కూత కూసేది, ఈయన కెటిల్ ఆవిరైపోయేది. ఆ తలుపు వెనక ఏముందో తెలీకుండానే చదువైపోయింది, పెళ్ళయిపోయింది, జుట్టూ అయిపోయింది.

ఇంకేముంది! అల్మారా కోసం తెచ్చిన డబ్బు అక్కడే ఖర్చయింది.

భార్య బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ముందుగదిలో గోడవారగా దుప్పటి కప్పుకుని ఓ ఆకారం నిలబడి ఉంది. పక్కన అంతకంటే బిగుసుకుపోయి బాబాయి.

"ఏంటండీ ఇది?"

"అల్మారా."

ఆవిడ దుప్పటి కొస ఎత్తి చూసింది. "అల్మారాకి కరెంటు వైరెందుకు?"

"లోపల లైటుందోయ్. చీకట్లో బట్టలు వెతుక్కోవడానికి."

"ముందు ఈ గాజేమిటి?"

"అద్దం. తల దువ్వుకోవచ్చు."

ఆవిడ ఆయన తలకేసి ఒకసారి చూసింది. "మరి ఈ ఎర్ర పిడి?"

"అదీ... డిజైను."

"బాగుంది" అంది ఆవిడ. లోపలికి వెళ్ళి, కుర్చీల మీదున్న దుప్పట్లన్నీ గుట్టగా తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. "అయితే సర్దండి."

అన్న మాట నిలబెట్టుకోవాలి గదా! బాబాయి పెట్టె వెనక చెక్క తలుపు తీసి, వైర్ల మధ్య ఖాళీ ఉన్నచోటల్లా దుప్పట్లు కుక్కాడు. "భలే పట్టాయోయ్" అన్నాడు చెమట తుడుచుకుంటూ. మనసులో మాత్రం ఇంత తేలిగ్గా నమ్మేసిందేమిటని కాస్త జాలి కూడా పడ్డాడు.

ఆ రోజు నుంచి బాబాయికి స్వర్గం మధ్యాహ్నం పూట తెరుచుకునేది. ఆవిడ బస్సు మీద, ఈయన అల్మారా మీద. సెలూన్ తలుపు మీద 'భోజనానికి వెళ్ళాను' అని బోర్డు తగిలించి పరిగెత్తుకొచ్చేవాడు. అన్నం గిన్నె మూత తీస్తే ఒట్టు.

ఈలోగా అత్తగారు దిగింది.

"ఎన్నాళ్ళుంటారేం?" అన్నాడు బాబాయి భార్యతో, గొంతు తగ్గించి.

"మా అమ్మ వచ్చి గంట కాలేదు. అప్పుడే టిక్కెట్టు కొట్టేస్తారా?"

"అబ్బే, ఉండమని చెబుదామనీ..."

"ఈ ఆదివారం వెళ్ళిపోతుందిలెండి. నేనుండమంటే ఉండదు. అల్లుడు నోరు తెరిచి అడగలేదుగా, మర్యాద కాదంటుంది."

బాబాయి నోరు తెరవలేదు.

అత్తగారు పెద్దమనిషి. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఆవిడ మధ్యాహ్నం నిద్రపోతుందని బాబాయి ధీమా. మర్నాడు గదిలోంచి గురక వినపడగానే దుప్పటి తీసి ఆట మొదలెట్టాడు. మేజోళ్ళను టుయ్ టుయ్‌మని కాల్చేసి, రెండో అర మీదికి గెంతబోతున్నాడు.

"అల్లుడుగారూ, అల్మారా ఎందుకలా కూస్తోంది?"

కెటిల్ కింద పడి చచ్చింది. బాబాయి కూడా దాదాపు అంతపనీ చేశాడు.

"తలుపు... కిర్రుమంటోందత్తయ్యా. నూనె వేస్తున్నా."

"నూనె తర్వాత వేద్దురుగానీ, లేవండి. ఆ మేజోడు కిందికి దిగేటప్పుడు కాల్చాలి, పైకెళ్ళేటప్పుడు కాదు. ఇందాకట్నుంచీ తలుపు సందులోంచి చూస్తున్నా, కడుపు తరుక్కుపోతోంది."

అంతే! ఆ లేవడం లేవడం, బాబాయికి మళ్ళీ కూర్చునే యోగం పట్టలేదు. ఎక్స్ఛేంజిలో పొద్దస్తమానం వైర్లు పీకి గుచ్చిన వేళ్ళవి. పిడి ఆవిడ చేతిలో చెప్పినట్టు వింది. గాల్లోకి గెంతి, కిందికి నీళ్ళు చిమ్మితే ఆ ఊపుకి కెటిల్ ఇంకో అర పైకి లేస్తుందని ఆవిడ రెండో రోజే కనిపెట్టింది. బాబాయికి ఇన్నేళ్ళలో ఆ సంగతి తెలీదు.

"అత్తయ్యా, ఒక్కసారి నాకూ..."

"ఈ ప్రాణం పోనివ్వండి అల్లుడుగారూ."

పోతేగా!

శనివారం మధ్యాహ్నం బాబాయి సెలూన్లో బ్యాంకు క్యాషియరుగారికి గెడ్డం గీస్తున్నాడు. కుడి బుగ్గ పూర్తయింది, ఎడమ బుగ్గ నిండా నురగ. అంతలో ఫోను మోగింది.

"అల్లుడుగారూ! కుక్కర్ దగ్గరికి వచ్చేశా!"

బాబాయికి ఒళ్ళు తెలీలేదు. "ఇప్పుడే వస్తానండీ" అని క్యాషియరుగారితో అని, చేతిలో కత్తితోనే పరుగందుకున్నాడు. క్యాషియరుగారు మాత్రం ఏం చేస్తారు పాపం? మెడకు కట్టిన గుడ్డతో, సగం నురగతో వెనకాలే పరిగెత్తారు. కత్తి పట్టుకుని ఒకాయన ముందు, నురగ కక్కుతూ ఒకాయన వెనక. వీధివాళ్ళు ఎవరికి అడ్డుపడాలో తెలీక ఇద్దరికీ దారిచ్చేశారు.

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి తెర నిండా కుక్కర్. అత్తగారు కుర్చీ వదిలి నిలబడి ఆడుతోంది.

"కుళాయి! కుళాయి పైనుంది!" అన్నాడు బాబాయి.

"ఎడమ పక్క ఇస్త్రీపెట్టె!" అన్నారు క్యాషియరుగారు, వచ్చిన పని మర్చిపోయి.

కుక్కర్ కూత కూసింది. ఆవిరి లేచింది. "అబ్బ! ఏం ఆవిరండీ, నిజం ఆవిరిలాగే ఉంది" అని మెచ్చుకున్నారు క్యాషియరుగారు. ఆ తర్వాత దగ్గారు. అప్పుడు తెలిసింది, ఆవిరి తెర మీద కాదు, పెట్టె వెనకాల!

"దుప్పట్లు!" అని అరిచాడు బాబాయి.

సరిగ్గా అప్పుడే వాకిట్లో స్కూలు బస్సు ఆగింది. పిల్లలందర్నీ దింపేసి ఖాళీ బండితో వచ్చిన భార్య పొగ చూసి ఒక్క ఉదుటున లోపలికొచ్చింది. అరవలేదు, ఆదుర్దాపడలేదు. ప్లగ్గు పీకింది. వెనక తలుపు తీసి, కమిలిన దుప్పట్లు లాగి పెరట్లో పడేసి, మీద బకెట్ నీళ్ళు కుమ్మరించింది. తిరిగొచ్చి నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏమండీ, అల్మారాకి జ్వరమొచ్చిందా?"

బాబాయి నేల చూపులు చూశాడు. "అది అల్మారా కాదోయ్."

"అవునా!" అంది ఆవిడ, బుగ్గ మీద వేలేసుకుని. "తెచ్చిన రోజే చూశాను. నెత్తిన అంతలేసి అక్షరాలతో 'కెటిల్ వీరుడు' అని రాసుంది. ఒక్క దుప్పటి పెట్టబోయే ముందైనా నిజం చెబుతారనుకున్నా. మీరు అన్నీ కుక్కేశారు."

"తప్పయిందోయ్."

"సరే. ముందు ఆయన రెండో బుగ్గ సంగతి చూడండి. సోమవారం బ్యాంకులో అలా కూర్చుంటే జనం నవ్విపోతారు."

బాబాయి క్యాషియరుగారిని అరుగు మీద కూర్చోబెట్టి కత్తి తీశాడు. లోపల పెట్టె చల్లారింది కాబోలు, మళ్ళీ టుయ్ టుయ్ మొదలైంది. ఈసారి తల్లీకూతుళ్ళిద్దరి గొంతులూ వినపడుతున్నాయి. "అమ్మా, నువ్వు గెంతు, నేను కాలుస్తా." "బ్రేకు వెయ్యకే!" సగం బుగ్గ అవుతుండగా పెద్ద ధడేల్, ఆ వెంటనే బాకాలు ఊదినట్టు సంగీతం.

బాబాయి చేతిలో కత్తి ఆగిపోయింది. "కుక్కర్ పడిపోయింది!"

"వెళ్ళకండి" అన్నారు క్యాషియరుగారు, ఆయన చొక్కా గట్టిగా పట్టుకుని. "ఈసారి నేను వదల్ను."

గీయడం పూర్తిచేసి లోపలికి ఉరికేసరికి తెర నల్లగా ఉంది. తల్లీకూతుళ్ళు తీరిగ్గా టీ తాగుతున్నారు.

"తలుపు తెరుచుకుందా? వెనక ఏముంది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. "చెబితే ఏం బావుంటుందండీ? మీరే దాటి చూడండి" అంది భార్య.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే బాబాయి అసలు సిసలు అల్మారా తెచ్చి, కొత్త దుప్పట్లు తనే మడతపెట్టి సర్దాడు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఆడి, చచ్చి, మళ్ళీ ఆడి, మళ్ళీ చచ్చాడు. కుక్కర్ దాకా అయితే వెళ్ళాడు గానీ, ఆ గాల్లో చిమ్మి పైకి లేచే విద్య చేతికి అబ్బడం లేదు.

అత్తగారు సంచీ భుజాన వేసుకుని గదిలోంచి వచ్చింది. "వెళ్ళొస్తా అల్లుడుగారూ."

బాబాయి ఒక్క గెంతులో గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఆయన గెంతు గురి తప్పలేదు.

"ఎక్కడికత్తయ్యా? ఈ కుక్కర్ దాటించే దాకా కదలడానికి వీల్లేదు" అని సంచీ అందుకున్నాడు. "ఓ నెలుండండి. రెండు నెలలుండండి!"

"అల్లుడుగారు అంతగా అడుగుతుంటే కాదంటే బావుండదు" అని ఆవిడ చెప్పులు విడిచింది.

బాబాయి భార్యకేసి తిరిగాడు. ఆవిడ అప్పటికే కొత్త అల్మారా తలుపు తీసి నిలబడి ఉంది. పై అరలన్నీ నిండుగా ఉన్నాయి. కింది అర మాత్రం పొద్దున్నే ఖాళీ చేసి, శుభ్రంగా కాగితం పరిచి ఉంచింది.

"అమ్మా, నీ బట్టలు ఇందులో పెట్టుకో" అంది.